అప్‌డేట్: 5 మీద పెట్టినా చల్లగా ఉన్న రేడియేటర్ ఇప్పుడు వేడెక్కుతోంది

జర్మనీలో చదువుతున్న మా అమ్మాయి హాస్టల్ గదిని వెచ్చబరిచే వేడినీళ్ల రేడియేటర్, నాబ్ 5 మీద పెట్టినా పనిచేయట్లేదని హనుమకొండ నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

లోపల గాలి చేరి ఉంటుందని ఎక్కువ మంది అన్నారు. గాలి వదిలే చిన్న కీతో తిప్పి చూస్తే వెంటనే నీళ్లే వచ్చాయి, గాలి లేదు. గొట్టం కాలుతూ రేడియేటర్ చల్లగా ఉంటే వాల్వ్ చూడమని ఒకరు రాశారు కదా, అదే నిజమైంది. మెయింటెనెన్స్ ఆయన వచ్చి నాబ్ ఊడదీస్తే, కింద వాల్వ్‌లోని చిన్న పిన్ లోపలికి దిగి ఇరుక్కుపోయి, వేడినీళ్లు రాకుండా మూసేసి ఉంది. మెల్లగా తట్టి, రెండు మూడు సార్లు నొక్కి వదిలితే కదిలింది. పది నిమిషాల పని! దానికి నేనిక్కడ వారం రోజులు టెన్షన్ పడ్డాను.

ఆయన చెప్పింది ఇంకోటి, 5 మీద పెట్టినంత మాత్రాన గది త్వరగా వేడెక్కదట. ఎంత వేడికి ఆగాలో చెప్పే అంకె అది, అంతే. 3 అంటే సుమారు 20 డిగ్రీలు. (మా అమ్మకైతే అది స్వెటర్ వేసుకునే చలి.) నాబ్ మీద కర్టెన్ పడితే అక్కడి వేడికే వాల్వ్ మూసుకుంటుందని దాన్ని కూడా పక్కకు జరిపించారు.

ఎండాకాలమంతా నాబ్ మూసి ఉంచితే పిన్ ఇలా పట్టేయొచ్చట. ఈసారి హీటింగ్ ఆపేశాక 5 మీదే వదిలేయమన్నారు.