సిబిల్ బాగుచేస్తామనేవాళ్లని నమ్మొచ్చా? సెటిల్‌మెంట్ చేసుకుని ఇరుక్కుపోయా

ఈఎంఐ_బాధితుడు
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. 2021లో ఉద్యోగం పోయింది. పర్సనల్ లోనూ క్రెడిట్ కార్డూ రెండూ ఆగిపోయాయి. ఏడాదిన్నర రికవరీ ఫోన్లు భరించి భరించి చివరికి రెండిటికీ ఎంతో కొంత కట్టి సెటిల్ చేసేసుకుని హమ్మయ్య అనుకున్నా. ఇప్పుడు ఉద్యోగం బానే ఉంది కానీ ఎక్కడ అప్లై చేసినా రిజెక్టే. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కట్టామో చూసి ఇచ్చే మార్కు) 561. రిపోర్టులో కార్డు దగ్గర 'సెటిల్డ్' అనీ, లోన్ దగ్గర 'రిటన్ ఆఫ్' అనీ ఉంది. దానికి తోడు లోన్ ఇచ్చిన బ్యాంకులో నా పాత సేవింగ్స్ అకౌంట్ హోల్డ్‌లో పెట్టేశారు, కొత్త కంపెనీవాళ్లేమో జీతం ఆ బ్యాంకులోనే వేస్తాం అంటున్నారు. పడింది పడ్డట్టు పట్టుకుపోతారేమోనని భయం.
ఈలోగా ఒకాయన ఫోన్ చేసి 45 రోజుల్లో 750 దాటిస్తా, ఫీజు సగం ముందు సగం పనయ్యాక అన్నాడు. నా బాకీల లెక్క నాకంటే బాగా చెప్తున్నాడు, ఎక్కడ దొరికిందో మరి. వీళ్లలో నమ్మదగ్గవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

మునిగి_తేలినవాడు
ఆ ముందు తీసుకునే సగమే వాడి మొత్తం ఫీజు బాసూ, రెండో సగం వాడికీ అక్కర్లేదు.
నేను ఇచ్చా. సిబిల్ లాగిన్ అడిగాడు ఇచ్చా, ఓటీపీ అడిగాడు చెప్పా. వాడు చేసిందల్లా ఏంటంటే రిపోర్టులో ఉన్న ప్రతి అకౌంట్ మీదా "ఇది నాది కాదు" అని డిస్ప్యూట్ (రిపోర్టులో తప్పుందనే అభ్యంతరం) కొట్టాడు, నేను పదేళ్లుగా టంచన్‌గా కడుతున్న హోమ్ లోన్ మీద కూడా! కొన్నాళ్లు అన్నిటి పక్కనా డిస్ప్యూట్‌లో ఉంది అని కనిపించింది, దాని స్క్రీన్‌షాట్ పంపి "చూశారా సార్ ప్రాసెస్ అవుతోంది" అన్నాడు. తర్వాత బ్యాంకులు మా లెక్క కరెక్టే అని చెప్పేశాయి, అన్నీ యథాస్థానం. అసలు కొసమెరుపు ఏంటంటే లాగిన్‌లో నా మెయిల్, ఫోన్ నంబర్ తీసేసి వాడివి పెట్టుకున్నాడు. నా రిపోర్టు నేనే తెరుచుకోలేని పరిస్థితి. అది మళ్లీ నా చేతికి రావడానికి పట్టిన తిప్పలు అప్పు తీర్చేటప్పుడు కూడా పడలేదు.

కౌంటర్_వెనకాల
నేను బ్యాంకులో లోన్స్ సెక్షన్‌లో ఉంటాను, ఏ బ్యాంకో అడగొద్దు.
ముందు ఒకటి అర్థం చేసుకోండి. సిబిల్ వాళ్లు సొంతంగా ఏదీ రాయరు, అప్పిచ్చినవాడు పంపిందే చూపిస్తారు. కాబట్టి మార్చగలిగేది అప్పిచ్చిన బ్యాంకు మాత్రమే, మధ్యలో ఎవడొచ్చినా వాడు చేసేది మీ తరఫున ఉత్తరం రాయడమే. నిజంగా జరిగినదాన్ని చెరిపేస్తా అని ఎవడైనా అన్నాడంటే అబద్ధం.
ఇక మీ కేసు. మీవి రెండు వేరు వేరు సమస్యలు సార్, కలిపేస్తున్నారు. కార్డు 'సెటిల్డ్' అన్నది బాధగా ఉన్నా నిజం, తక్కువకి ఒప్పుకున్నారు కాబట్టి అలాగే ఉంటుంది. మిగిలింది కూడా కట్టి నో డ్యూస్ (బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) తీసుకుంటేనే 'క్లోజ్డ్' కింద మారుతుంది. లోన్ అలా కాదు. మీరు సెటిల్ చేశానంటున్నారు, రిపోర్టులో ఇంకా రిటన్ ఆఫ్ అనే ఉంది. (రిటన్ ఆఫ్ అంటే మాఫీ అని చాలామంది సంబరపడతారు, కాదండీ, మా పుస్తకాల్లో పక్కకి తీసిపెట్టాం అంతే, బాకీ బాకీయే.) కాబట్టి సెటిల్‌మెంట్ డబ్బు అందినట్టు వాళ్లు అప్‌డేట్ చేసి ఉండరు. ఆ లైన్‌లో బ్యాలెన్స్ కాలమ్ చూడండి. అక్కడ అంకె ఉందంటే అది తప్పు, దాని మీద ధైర్యంగా డిస్ప్యూట్ వేయండి.
సిబిల్ ఒక్కటే చూసి ఆగొద్దు, అలాంటి రిపోర్టులే ఇచ్చే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా ఉన్నాయి, నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాల్సిందే. ఒక దాంట్లో సరిగ్గా ఉండి ఇంకో దాంట్లో తప్పు ఉండటం రోజూ చూస్తుంటాను.

పాన్_పరేషాన్
అన్నా నా కథ ఇంకోతీరు. అసలు తీసుకోని లోన్ నా పాన్ మీద ఎక్కింది. బ్రాంచికి పోతే సిబిల్‌ని అడుగు అంటరు, సిబిల్‌ల డిస్ప్యూట్ వేస్తే బ్యాంకు ఒప్పుకోలేదు అని వస్తది. బంతాట ఆడిన్రు నాతోని.
తర్వాత తెల్సింది ఏందంటే, కంప్లైంట్ ఇచ్చినంక 30 రోజులల్ల తేల్చాలె, తేల్చకుంటే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల లెక్క మనకే కట్టియ్యాలె, 2024 ఏప్రిల్ నుంచి ఈ రూల్ ఉంది. నేను బ్యాంకు గ్రీవెన్స్ మెయిల్‌కి రాసి, తారీఖు కాగితం మీద రాసి గోడకి అంటించుకున్న. 31వ రోజు పొద్దుగాల ఆర్బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చేటాయన) సీఎంఎస్ పోర్టల్‌ల, అంటే ఆన్‌లైన్ ఫిర్యాదుల సైట్‌ల, కంప్లైంట్ పెట్టిన. పైసా ఖర్చు లేదు. ముందుగాల బ్యాంకుకి రాసిన ప్రూఫ్ లేకుంటే మాత్రం తీస్కోరు. 2022 సెప్టెంబర్ నుంచి సిబిల్ అసొంటి కంపెనీల మీద కూడా అక్కడ్నే పెట్టొచ్చు. గంతవరకు పలకని బ్యాంకోళ్లు వారంల నాకే ఫోన్ చేసిన్రు, సార్ సార్ అనుకుంట.

నిదానమే_ప్రధానం
అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా నాన్నగారి కేసులో మేం ఒక లాయర్‌గారికి డబ్బిచ్చాం, ఆయన కాగితాలన్నీ చూసి "ఇందులో రెండు తప్పులున్నాయి, మూడోది మీదే, దాన్ని నేనేం చెయ్యలేను" అని మొహం మీదే చెప్పారు. ఓటీపీ అడగలేదు, స్కోరు ఇంత అవుతుందని మాటివ్వలేదు, ప్రతి ఉత్తరం మా సంతకంతోనే వెళ్లింది. రాయడం చేతకానివాళ్లు రాసినందుకు డబ్బివ్వడంలో తప్పేముంది?

కౌంటర్_వెనకాల
@నిదానమే_ప్రధానం తప్పేం లేదండి, ఒప్పుకుంటా. కానీ ముందు ఉచితంగా దొరికేది చూసుకోమంటాను. బ్యాంకులు నడిపే ఫైనాన్షియల్ లిటరసీ సెంటర్లు ఉంటాయి, మీ జిల్లా లీడ్ బ్యాంకులో అడిగితే చెప్తారు. నిజం చెప్పాలంటే అక్కడ కూర్చున్న మనిషిని బట్టి ఉంటుంది, ఓపికున్న రిటైర్డ్ మేనేజర్ దొరికితే మీ అదృష్టం.
@ఈఎంఐ_బాధితుడు జీతం సంగతి మర్చిపోయా. మీ భయం నిజమే, బాకీ ఉన్న బ్యాంకులో డబ్బు పడితే సర్దుబాటు చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. హెచ్ఆర్‌ని బతిమాలి వేరే బ్యాంకు అకౌంట్ ఇవ్వండి. సెటిల్‌మెంట్ లెటర్ జతచేసి హోల్డ్ తీయమని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట వద్దు.

మళ్లీ_మొదటినుంచి
నాకు అసలు అకౌంటే లేని రోజులున్నాయి తమ్ముడూ, కాబట్టి నా అనుభవం చెప్తా. పాతది మైనస్‌లోకి పోయింది, కొత్తదానికి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి మినిమం బ్యాలెన్స్ అంటూ ఏదో పెద్ద లిస్టు చదివింది. "బేసిక్ సేవింగ్స్ అకౌంట్ కావాలి" అని ఆ పేరుతోనే అడిగా, అప్పుడు కింద సొరుగులోంచి వేరే ఫారం తీసింది! దానికి మినిమం బ్యాలెన్స్ ఉండదు, నెలకి కనీసం నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం, కాకపోతే అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఉండకూడదు. ఇంకోటి, మినిమం బ్యాలెన్స్ లేదని ఛార్జీలు వేసి వేసి అకౌంట్‌ని మైనస్ చెయ్యకూడదని రూల్ ఉందట, అది చూపించాక పాతదాంట్లో ఉన్న మైనస్ కూడా తీసేశారు.
తర్వాత చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకున్నా. ఫోన్ బిల్లు ఒక్కటే దాని మీద పెట్టి మొత్తం ఆటోపే. లిమిట్‌లో 30 శాతం దాటనివ్వలేదు. మొదటి ఐదు నెలలు స్కోరు కదిలితే ఒట్టు. 14 నెలలకి 588 నుంచి 702. ఏడుపొచ్చింది నిజంగా.

మునిగి_తేలినవాడు
@ఈఎంఐ_బాధితుడు ఈమధ్య ఎన్ని చోట్ల అప్లై చేశావ్?

ఈఎంఐ_బాధితుడు
11. రెండు నెలల్లో.

మునిగి_తేలినవాడు
ఓరి నాయనో, ఆపు ముందు. ప్రతి అప్లికేషనూ ఎంక్వైరీ కింద రిపోర్టులో పడుతుంది, వీడికి డబ్బు చాలా అర్జెంట్ అనుకుంటారు. ఆ ఏజెంటుకి నీ నంబర్ కూడా ఆ లోన్ యాప్స్‌లోంచే వెళ్లుంటుంది, నా అనుమానం.

ఈఎంఐ_బాధితుడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. పాత మెయిల్‌లో సెటిల్‌మెంట్ లెటర్ దొరికింది, స్పామ్‌లో ఉంది. @కౌంటర్_వెనకాల మీరన్నది నిజం సార్, లోన్ లైన్‌లో బ్యాలెన్స్ మొత్తం అలాగే ఉంది, నేను కట్టింది ఎక్కడా లేదు. లెటర్, రసీదు పెట్టి డిస్ప్యూట్ వేశా, బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కీ (ఫిర్యాదులు చూసే అధికారి) మెయిల్ పెట్టా. 19వ రోజు బ్యాలెన్స్ సున్నా అయింది, రిటన్ ఆఫ్ పోయి సెటిల్డ్ వచ్చింది. హోల్డ్ ఇంకా తియ్యలేదు, జీతం మాత్రం వేరే బ్యాంకులో పడింది. కార్డు మిగతా డబ్బు కూడా కట్టేద్దామనుకుంటున్నా, ఎవరికి కట్టాలి? రికవరీ ఆయన తన యూపీఐ నంబర్ ఇచ్చాడు.

కౌంటర్_వెనకాల
ఆయనకి మాత్రం వద్దు. ఎంత కడితే క్లోజ్డ్ అని రిపోర్ట్ చేస్తారో బ్యాంకు మెయిల్ నుంచి ముందు రాయించుకోండి, తర్వాత నేరుగా ఆ కార్డు నంబర్‌కే కట్టండి. నో డ్యూస్ మీద కార్డు నంబర్ ఉందో లేదో చూసుకున్నాకే అక్కడి నుంచి కదలండి, ఉత్త పేరుతో ఇస్తే పనికిరాదు.

ఈఎంఐ_బాధితుడు
సరే సార్. అన్నట్టు ఆ 45 రోజుల ఆయన నిన్న మళ్లీ చేశాడు, ఫీజు సగానికి తగ్గించాడు.

పాన్_పరేషాన్
ఇంకో వారం ఆగు అన్నా, ఉల్టా వాడే నీకిస్తడు 😂