షేడ్‌నెట్ కింద పెరిగిన మిరప నారు ఎండకు ఎన్ని రోజుల్లో గట్టిపడుతుంది?

గుంటూరు దగ్గర మా నల్లరేగడి చేలో నాటిన మిరప నారు విషయంలో తెలిసినవారి సలహా కోరుతున్నాను. షేడ్‌నెట్ కింద ట్రేలలో పెంచిన నారును తెచ్చి నాటిన మూడో రోజుకే పై ఆకులు మచ్చలుగా తెల్లబడి, వేలితో తాకితే ఉల్లిపొరలా చిట్లిపోయాయి. అదే చేలో గట్టు పక్కన గింజ రాలి దానంతటదే మొలిచిన మొక్క మాత్రం దళసరి ఆకులతో, కణుపుల దగ్గర ఊదారంగు తిరిగి, నిగనిగలాడుతోంది.

ఎండలో 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉండే యూవీ-బి (అతినీలలోహిత) కిరణాలను మొక్క యూవీఆర్8 అనే ప్రోటీన్‌తో పసిగట్టి, ఆకు పైపొరలో ఆ కిరణాలను అడ్డుకునే ఫ్లేవనాయిడ్లనే పదార్థాలను నింపుకొని లోపలి కణాలను కాపాడుకుంటుందనీ, అప్పటికీ డీఎన్‌ఏకు తగిలిన దెబ్బను ఫోటోలయేజ్ అనే ఎంజైము నీలికాంతి సాయంతో సరిచేస్తుందనీ చదివాను. నీడలో పెరిగిన నారుకు ఆ రక్షణ చాలకపోవడమే కారణమని నా అనుమానం. అయితే ఎండ వేడి, నీటి ఎద్దడి కూడా ఇలాంటి మచ్చలే తెస్తాయి కనుక తేల్చుకోలేకపోతున్నాను.

యూవీ-బి దెబ్బనూ, వేడి లేదా నీటి ఎద్దడి వల్ల వచ్చే మచ్చలనూ ఆకు చూసి వేరుచేసే గుర్తులేమైనా ఉన్నాయా? నాటే ముందు నెట్ తీసి, నారును రోజుకు ఎన్ని గంటల చొప్పున, ఎన్ని రోజులు ఎండకు అలవాటు చేయాలి? మిగిలిన ట్రేలు వచ్చే వారం నాటాలి. మిరప పండించే రైతులు గానీ, వృక్షశాస్త్రం చదివినవారు గానీ దయచేసి చెప్పగలరు.