పొలిటికల్ సైన్స్ చదివితే ఇల్లు గడుస్తుందా?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:
మా అమ్మాయి ఇంటర్ సీఈసీ మంచి మార్కులతో పూర్తిచేసింది. బీఏలో పొలిటికల్ సైన్స్ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) తీసుకుంటానని పట్టుబట్టింది. మావారిది మిర్చి యార్డులో గుమాస్తా పని. సీజన్ దాటితే చేతిలో డబ్బు ఆడదు. "బీకాం కంప్యూటర్స్ చేయిస్తే డిగ్రీ చేతికి రాగానే ఎక్కడో ఒకచోట జీతం మొదలవుతుంది, రాజకీయాలు చదివి ఏం చేస్తుంది?" అని మా ఆడపడుచు గారు అడిగారు. ఆ మాట నాకు నచ్చలేదు, కానీ నా దగ్గర జవాబు లేదు. తెలిసినవారు లెక్కలతో చెప్పండి.

గవర్నర్‌పేట గుమాస్తా, విజయవాడ:
వద్దనే చెబుతానమ్మా. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేసినవాణ్ణి. చదువుకు మా నాన్న పెట్టింది తక్కువే: బస్సు పాసు, పరీక్ష ఫీజు, పుస్తకాలు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలైంది. గ్రూప్స్ కోసం విజయవాడలో గది, మెస్సు, కోచింగు. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందా అని కొన్నాళ్లు, వచ్చాక పరీక్ష వాయిదా పడి మరికొన్నాళ్లు. అలా ఐదేళ్లు. ఇరవై తొమ్మిదో ఏట ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాయడానికి చేరాను. నాతో ఇంటర్ చదివి బీకాంకు వెళ్లినవాడు అప్పటికే ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్నుల పని నేర్చుకుని, సంపాదించి, చెల్లెలి పెళ్లి చేశాడు. నేను మా చెల్లెలి పెళ్లికి పందిరి వేయించలేకపోయాను.

సివిక్స్ మాస్టారు, విజయవాడ:
తమ్ముడూ, నీ బాధ అర్థమవుతోంది. అయితే నువ్వు చెప్పిన నష్టం చదువుది కాదు, ఎదురుచూపుది. ఈ సబ్జెక్టు చదివినవారికే తెరుచుకునే తలుపులు కొన్ని ఉన్నాయి. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పాలన్నా, డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పాలన్నా సాధారణంగా ఈ ఎంఏ అడుగుతారు. లెక్చరర్ల అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700. బీఏ తర్వాత సోషల్ మెథడాలజీతో బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పోస్టుకు పోటీ పడవచ్చు. 2025 మెగా డీఎస్సీ టీచర్ల నియామకంలో అన్ని విభాగాలూ కలిపి 16,347 పోస్టులు ఇచ్చారు. నేను ముప్ఫై ఏళ్లు ఈ పాఠమే చెప్పి ఇద్దరు పిల్లలను చదివించాను.

గవర్నర్‌పేట గుమాస్తా:
మాస్టారూ, దానికి ముందు డీఎస్సీ 2018లో కదా. మధ్యలో ఏడేళ్లు! 2018లో బీఈడీ చేతపట్టుకుని పోస్టు తప్పిపోయిన పిల్ల ఆ ఏడేళ్లూ ఏం తిని బతకాలి? కాలేజీల్లో గెస్టు లెక్చరర్లకు ఇచ్చేది గంటల లెక్కన. వేసవిలో అదీ ఉండదు. ఇక సివిల్స్ మాట. 2024 పరీక్షకు దరఖాస్తు చేసినవారు 9,92,599 మంది, చివరకు ఎంపికైనవారు 1,009 మంది. పోనీ అక్కడ మన డిగ్రీకి ప్రత్యేక హక్కు ఉందా? మెయిన్స్ రాతపరీక్ష 1,750 మార్కుల్లో ఆప్షనల్‌కు (అభ్యర్థి ఎంచుకునే సబ్జెక్టుకు) 500. ఇంజినీరు అయినా డాక్టరు అయినా పొలిటికల్ సైన్స్‌నే ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. గ్రూప్-2కు ఏ డిగ్రీ అయినా చాలు. బీకాం చేసినవాడు రాజ్యాంగం ఏడాదిలో చదువుకుంటాడు. మనం అకౌంట్స్ ఏడాదిలో నేర్చుకున్నా, ఆ కాగితం లేదని ఆడిటర్లు పనిలోకి తీసుకోరు. నాకు జరిగింది ఇదే.

నేలపాడు న్యాయవాది:
నాదీ బీఏ పొలిటికల్ సైన్సే. ఆ తర్వాత లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల లా చేశాను. ఇప్పుడు నేలపాడులో హైకోర్టుకు వెళ్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి మూడేళ్లు సీనియర్ ఇచ్చినది పెట్రోలుకూ ఫోనుకూ సరిపోయేది. ఇంట్లో తిన్నాను కాబట్టి నిలబడ్డాను. ఆరో ఏడు నుంచి సొంత కేసులు వచ్చాయి. 226వ అధికరణ కింద రిట్ వేసేటప్పుడు, పంచాయతీ వివాదాల్లో 73వ సవరణ గురించి వాదించేటప్పుడు బీఏలో చదివింది అక్షరాలా పనికొచ్చింది. ఈరోజు నా సంపాదన బీకాం చేసిన మా అక్క జీతం కన్నా ఎక్కువ. కానీ ఆమె నాకన్నా ఎనిమిదేళ్లు ముందు సంపాదించడం మొదలుపెట్టింది. ఆ ఎనిమిదేళ్లు ఎవరు భరిస్తారన్నదే అమ్మ గారు ముందు చూసుకోవాలి.

సివిక్స్ మాస్టారు:
గెస్టు లెక్చరర్ల విషయంలో తమ్ముడు చెప్పింది నిజం. నా శిష్యుల్లోనే అలా పదేళ్లు గడిపినవారున్నారు. డీఎస్సీ గురించి కూడా నా దగ్గర జవాబు లేదు. నా రోజుల్లో ఇంత ఆలస్యం ఉండేది కాదు, ఆ రోజుల లెక్క ఈ పిల్లలకు చెప్పడం నా పొరపాటు. అయినా ఇష్టం లేని బీకాంలో కూర్చోబెడితే అత్తెసరు మార్కులతో బయటపడుతుంది. అలాంటి బీకాంకు ఏ ఆడిటర్ జీతమిస్తాడు? మేజర్‌తో పాటు మైనర్ (రెండో సబ్జెక్టు) ఒకటి ఎంచుకోవాలి కదా, అక్కడ జాగ్రత్తపడండి.

బ్రాడీపేట అమ్మ:
ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. గుమాస్తా గారి మాటల దగ్గర చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. తర్వాత ఒక కాగితం మీద రాసి ఇచ్చింది: మేజర్ పొలిటికల్ సైన్స్, రెండో ఏడు నుంచి సాయంత్రాలు ట్యాలీ (కంప్యూటర్‌లో పద్దులు రాసే సాఫ్ట్‌వేర్), డిగ్రీ అయ్యాక లాసెట్; గ్రూప్స్‌కు రెండేళ్లకు మించి కూర్చోను. మావారు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు. మైనర్ కింద ఎకనామిక్స్ మంచిదా, కంప్యూటర్ అప్లికేషన్స్ మంచిదా?

గవర్నర్‌పేట గుమాస్తా:
కంప్యూటర్ అప్లికేషన్స్ ఇచ్చే కాలేజీ దొరికితే అదే తీసుకోమనండి. ట్యాలీ నేను నేర్పుతాను, ఆదివారాలు ఖాళీగానే ఉంటాను. రెండేళ్లని రాసింది కదా, ఆ తారీఖు కూడా వేయించండమ్మా.