ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో అమ్మతో నడవడానికి ఏ దారి మంచిది?

ఆగస్టులో అమ్మ మాంచెస్టర్ వస్తోంది. హెదర్ అనే పొదల పూలతో మూర్‌లాండ్ (చెట్లు పెద్దగా లేని కొండ బయలు) అంతా ఊదారంగుకి తిరిగే రోజులవి. ఆమెకు అది చూపించాలని నాకెంతో ఆశ. గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగి, ప్యాడ్లీ గోర్జ్ (ఇరుకు లోయ) ఓక్ అడవిలో వాగు వెంట పైకెక్కి, బర్బేజ్ లోయ మీదుగా స్టానేజ్ ఎడ్జ్ అనే పొడవైన రాతి అంచు చేరి, హాథర్‌సేజ్ స్టేషన్‌కి దిగాలని ప్లాన్. 636 మీటర్ల కిండర్ స్కౌట్ కొండ ఆమెకు కష్టమని వదిలేశాను.

అమ్మ రోజూ నడుస్తుంది, కానీ దిగేటప్పుడు మోకాళ్లు నొప్పెడతాయి. గోర్జ్‌లో వేర్లు, తడి రాళ్లు బాగా జారతాయా? వాన పడితే ఆ భాగం మానేసి హాథర్‌సేజ్ నుంచే స్టానేజ్‌కి వెళ్లిరావడం మేలా? ఎడ్జ్ నుంచి దిగడానికి ఏటవాలు తక్కువున్న దారి ఏది? పొగమంచు కమ్మితే ఆ రాతి అంచు దగ్గర ఎలా అన్నదే నా అసలు టెన్షన్. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి.