అల్యూమినియం గిన్నె ప్రశ్న: పదో తరగతిలో చెప్పాలా, వద్దా?

పదోక్లాసు అమ్మ: మా అమ్మాయి లోహాల చర్యాశీలత శ్రేణి, అంటే ఎక్కువ చురుకైన లోహం నుంచి తక్కువ చురుకైనదాని దాకా వరస, అప్పజెబుతోంది. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము... మధ్యలో ఆపి, "ఇనుము కన్నా అల్యూమినియానికే చురుకు ఎక్కువట. మరి పెనం తుప్పు పడుతోంది, అన్నం గిన్నెకేమీ కావట్లేదేంటమ్మా?" అంది. బళ్లో అడిగితే సార్ "అది పరీక్షకు రాదు, వరస నేర్చుకో" అన్నారట. నాకు నచ్చలేదు. మీరేమంటారు?

బడిపంతులు: ఆ సార్‌ని తప్పుపట్టను. నలభై నిమిషాల పీరియడ్, అరవై మంది పిల్లలు. జింక్ ముక్క వేస్తే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ల నీలం రంగు వెలిసిపోతుందని, జింక్ సల్ఫేట్‌లో రాగి వేస్తే ఏమీ కాదని పట్టుబడటానికే వారం. అప్పుడే మినహాయింపులంటే మొత్తం వదిలేస్తారు.

ఇంటర్ లెక్చరర్: అది మినహాయింపు కాదు మాస్టారూ. గాలి తగలగానే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పలచనిదే, కానీ వదలదు. ఇనుము తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది, లోపలి ఇనుముకు మళ్లీ గాలి తగులుతుంది. అల్యూమినియం బలం చూడాలంటే రైలు పట్టాలు వెల్డింగ్ చేసే చోట చూడాలి. థర్మైట్ అంటే అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన మిశ్రమం; అందులో అల్యూమినియం ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది, ఇనుము కరిగి కారుతుంది.

అసలు పేచీ వరసలోనే ఉంది. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (లోహం ఎలక్ట్రాన్లు వదులుకునే మొగ్గుకు కొలత; ఎంత మైనస్ అయితే అంత మొగ్గు) ప్రకారం కాల్షియం −2.87 వోల్టులు, సోడియం −2.71. అంటే కాల్షియం పైన ఉండాలి. బడి పుస్తకంలో సోడియం పైన. లిథియం −3.04, నీళ్లలో వేస్తే మాత్రం సోడియం కన్నా నిదానం. సోడియం 98 డిగ్రీలకే కరిగి బంతిలా నీటి మీద పరుగులు తీస్తుంది, లిథియం కరగడానికి 180 కావాలి. చర్యకు మొగ్గు వేరు, వేగం వేరు.

బడిపంతులు: చూశారా, గిన్నె దగ్గర మొదలై వోల్టుల దాకా వచ్చాం. నా భయం ఇదే. పొర సంగతి రెండు వాక్యాల్లో చెప్పొచ్చు, ఒప్పుకుంటా.

వంటింటి సైన్సు: మా అత్తగారు ఏ శ్రేణీ చదవలేదు, అల్యూమినియం గిన్నెలో పులుసు నిలవ ఉంచనిచ్చేవారు కాదు. చింతపండు పులుపు ఆ పొరను తినేస్తుంది మరి. "పిల్లలకు అర్థం కాదు" అనేది పెద్దవాళ్ల బద్ధకం, ఏమనుకోకండి.

ఇంటర్ లెక్చరర్: అమ్మగారూ, ఎరువుల కొట్లో మైలుతుత్తం దొరుకుతుంది. చేతులకు తొడుగులు వేసుకుని, వంటకు వాడని రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి కలపండి. రెండింట్లోనూ అల్యూమినియం ఫాయిల్ వేయండి, ఒకదాంట్లో మాత్రం చెంచాడు ఉప్పు.

పదోక్లాసు అమ్మ: చేశాం! ఉప్పు లేనిది దాదాపు అలాగే ఉంది. రెండోది బుడగలే బుడగలు, గ్లాసు వేడెక్కింది, ఫాయిల్ చిల్లులు పడి ఎర్రటి రాగి మిగిలింది. ఉప్పుకేం పని అక్కడ?

ఇంటర్ లెక్చరర్: ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను దెబ్బతీస్తుంది. దాంతో లోపలి అల్యూమినియం బయటపడి, మైలుతుత్తంలోని రాగిని బయటికి నెట్టేస్తుంది.

బడిపంతులు: ఇది మా క్లాసులో నేనూ చేస్తా. వోల్టులు మాత్రం చెప్పను.