ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేముందు లాయర్‌ని ఏం అడగాలి?

తెనాలి_బట్టలకొట్టు:
అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర బట్టల కొట్టు. గిరాకీ పడిపోయాక ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడంతోనే సరిపోయింది, ఇప్పుడు లెక్క వేస్తే 31 లక్షలు తేలింది. ఇల్లు తాకట్టు మీద బ్యాంకుది 12, ప్రోనోట్ల మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి 14, మిగతాది పాడుకున్న చిట్టీ, దానికి మా పెద్ద బావగారు షూరిటీ. ప్రోనోట్లవాళ్లలో ఇద్దరి దగ్గర నేను సంతకం పెట్టిన ఖాళీ చెక్కులున్నాయి. ఐపీ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందంటున్నారు. నా పేరున అరెకరం ఉంది, దాన్ని ముందే మా ఆవిడ పేరున రాసేయమని బావమరిది ఒకటే పోరు. సోమవారం లాయర్‌ని కలుస్తున్నా, ఏం అడగాలి? టెన్షన్‌తో నిద్ర లేదు.

సబ్‌కోర్టు_ప్లీడరు:
ఆ అరెకరం జోలికి మాత్రం వెళ్లకండి. మన దగ్గర ఐపీ ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. 2016లో వచ్చిన దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం కంపెనీలకు గ్యారంటీ ఇచ్చినవాళ్లకి తప్ప అమల్లోకి రాలేదు, కాబట్టి ఫోన్‌లో చూసిన కొత్త చట్టం కబుర్లు మీకు పనికిరావు. పాత చట్టంలో సెక్షన్ 53 ప్రకారం, సరైన ప్రతిఫలం లేకుండా ఇంట్లోవాళ్లకి ఆస్తి రాసి, రెండేళ్లలోపు ఐపీ వేస్తే ఆ దస్తావేజును కోర్టు కొట్టేయొచ్చు. పైగా మీ నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. అప్పులవాళ్లలో ఒక్కరికే ముందు కట్టేసి మూడు నెలల్లోపు పిటిషన్ వేసినా ఇదే తంటా.

తాకట్టు పెట్టిన ఇంటి మీద బ్యాంకు హక్కు ఐపీతో పోదు.

అప్పిచ్చినవాళ్లం:
నేను అవతలి పక్షం అండి. మా నాన్నకి ఇలాగే రిజిస్టర్డ్ పోస్టులో ఐపీ నోటీసు వచ్చింది, వెనక జత చేసిన జాబితాలో పాలవాడి బాకీ దాకా వరసగా రాశారు, పొలం ముచ్చట మాత్రం ఎక్కడా లేదు. ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీయిస్తే పిటిషన్‌కి కొన్ని నెలల ముందే ఆ బాకీదారు భార్య పేరున మారిందని తేలింది. ఇంకేముంది, కౌంటరు వేశాం, ఏళ్లు సాగింది, చివరికి మాకూ పెద్దగా ఏమీ రాలేదు. అదే మొదట్లోనే వచ్చి నా దగ్గర ఇంతే ఉందని ఉన్న సంగతి చెప్పి ఉంటే నాన్న సగానికి ఒప్పుకునేవాడు. మీవాళ్లని కూర్చోబెట్టి అడిగి చూశారా? కుదిరితే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు.

గుమాస్తా_గారు:
అందరూ చెక్కుల సంగతి వదిలేశారు! ఐపీ పెట్టినా చెక్కు బౌన్స్ కేసు ఆగదు, అది క్రిమినల్. బౌన్స్ అయ్యాక నోటీసు అందితే డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు, స్టాప్ పేమెంట్ పెట్టినంత మాత్రాన కేసు తప్పదు. చెక్కు నంబర్లు, ఎవరికి ఎప్పుడు ఇచ్చారో, వడ్డీ కింద ఫోన్‌పేలో వేసినవి ఎంతో కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. బ్యాంకు తరఫున వసూలుకొచ్చేవాళ్లు ఉదయం 8లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది, రికార్డ్ చేసి పెట్టుకోండి.

తెనాలి_బట్టలకొట్టు:
ప్లీడరు గారూ, మరి బావగారి సంగతి? నాకు డిశ్చార్జి (అప్పుల నుంచి కోర్టు విడుదల) వస్తే ఆయనకీ వదులుతుందా? మా ఆవిడ బంగారం కూడా చూపించాలా?

సబ్‌కోర్టు_ప్లీడరు:
వదలదు. డిశ్చార్జి మీకే, షూరిటీకి కాదు, చిట్టీవాళ్లు నేరుగా ఆయన్నే పట్టుకుంటారు. అందుకే పిటిషన్ వేసేముందే ఆయనతో మాట్లాడండి, నోటీసు చూసి తెలుసుకుంటే చుట్టరికం కూడా పోతుంది. మీ ఆవిడకి పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆవిడ సొత్తు, ఆవిడ ఎక్కడైనా సంతకం పెట్టిందేమో మాత్రం చూసుకోండి. చిట్టీ పాస్‌బుక్కు, బావగారు సంతకం పెట్టిన కాగితం నకలు కూడా సోమవారం పట్టుకెళ్లండి.