గుంటూరులో ఇల్లు అమ్మి విజయవాడలో అమ్మాయికి దగ్గరగా వెళ్లడం మంచిదేనా?

ప్రశ్న – బ్రాడీపేట విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. నాకు 73 ఏళ్లు, మా ఆవిడకు 68. జిల్లా పరిషత్తు పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. గుంటూరు బ్రాడీపేటలో 1989లో కట్టుకున్న డాబా ఇంట్లోనే ఉంటున్నాం. స్థలం 220 గజాలు, కింద మేము, పైవాటాలో అద్దెకున్న కుర్రవాళ్లు. అమ్మాయి, అల్లుడు ఇద్దరు పిల్లలతో విజయవాడ పటమటలో ఉంటారు, ఇద్దరూ ఉద్యోగస్థులే. అబ్బాయి బెంగళూరులో స్థిరపడ్డాడు.

విజయవాడ ఎంత దూరం, ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అని ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాం. మొన్న ఫిబ్రవరిలో మా ఆవిడ తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. పైవాటా కుర్రవాళ్లే చేతుల మీద మోసుకెళ్లి ఆటో ఎక్కించారు. అమ్మాయి కబురు అందగానే బయలుదేరినా, పిల్లలను పక్కింట్లో అప్పగించి, వారధి దాటి, కాజ టోల్‌గేటు దాటి వచ్చేసరికి ఆపరేషన్ కాగితాల మీద నేను వణుకుతున్న చేత్తో సంతకం పెట్టేశాను. ఆ తరువాత రెండు నెలలు ఆమె ఇటు ఉద్యోగానికి, అటు మా ఇంటికి తిరిగి తిరిగి సగమైపోయింది. అది చూశాక ఇక ఇలా సాగదనిపించింది.

ఈ ఇల్లు అమ్మి, ఆ సొమ్ముకు తామూ కొంత కలిపి మూడు పడక గదుల పెద్ద ఫ్లాటు కొంటే అందరం ఒకే చోట ఉండవచ్చునని అమ్మాయి అంటోంది. రెండు గదుల ఫ్లాటు మీ పేరునే కొనుక్కోండి, చెల్లాయికి దగ్గరగా ఉంటే చాలునని అబ్బాయి అంటున్నాడు. మా ఆవిడ ఏమీ అనడం లేదు. వాకర్ పట్టుకుని వెళ్లి తులసికోటకు నీళ్లు పోసి వస్తోంది, అంతే. ఇల్లు ఇప్పుడే అమ్మడం సరైనదేనా? కలిసి ఉండటమా, దగ్గరగా ఉండటమా? ఇంతకాలం కూడబెట్టిన సామానును, ముఖ్యంగా నా పుస్తకాలను, ఆమె ఇత్తడి గుండిగలను ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం – సత్యనారాయణపురం గృహిణి

మాస్టారూ, మేము తెనాలి ఇల్లు అమ్ముకుని విజయవాడ వచ్చి ఆరేళ్లయింది. మా వారు పోయి రెండేళ్లు. అందుకే ముందు ఒక్క మాట చెబుతాను, కటువుగా తోస్తే మన్నించండి. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఇప్పుడు ఇద్దరికీ సరిపోతుందా అని మాత్రమే చూడకండి. మీ ఇద్దరిలో ఒక్కరే మిగిలిన రోజున ఆ ఒక్కరు అక్కడ ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలరా అన్నది చూడండి. మేము వచ్చినప్పుడు మా వారు బండి నడిపేవారు కనుక కూరగాయలు, మందుల దుకాణం, గుడి ఎంత దూరమైనా నాకు పట్టలేదు. ఆయన పోయాక, నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్నవే నాకు మిగిలాయి. అదృష్టం కొద్దీ మా వీధిలో అన్నీ ఉన్నాయి. ఊరి చివర కొత్తగా కట్టిన పెద్ద సముదాయంలో కొని ఉంటే పాల ప్యాకెట్టుకు కూడా ఎవరినో అడగవలసి వచ్చేది.

మా అబ్బాయి ఇల్లు నాకు పది నిమిషాల నడక. వాడికి జ్వరమొస్తే నేను రసం పట్టుకెళతాను, నాకు ఒంట్లో బాగాలేకపోతే కోడలు వచ్చి పడుకుంటుంది. ఒకే గుమ్మంలో ఉంటే మా ఇద్దరికీ ఇంత సఖ్యత ఉండేది కాదని మేమిద్దరమూ ఒప్పుకుంటాం.

సామాను సంగతి. మేము తెనాలి నుంచి అన్నీ లారీకెత్తి తెచ్చి, ఫ్లాటులో నడవడానికి చోటు లేక ఏడాదంతా అవస్థ పడ్డాం. మా వారు ఒకసారి పందిరి మంచం కోడు తగిలి పడ్డారు కూడా. గుండిగలను తూకానికి అమ్మబుద్ధి కాక, తోడికోడలి కూతురి పెళ్లిలో సారెగా పెట్టాం. ఇప్పటికీ పండుగ వంటకు అవి దించినప్పుడు ఆ అమ్మాయి నాకు ఫోన్ చేస్తుంది. ఇచ్చేవేవో ఎవరికివ్వాలో మీ ఆవిడనే చెప్పనివ్వండి. ఆమె మౌనాన్ని అంగీకారం అనుకోకండి.

సమాధానం – లక్ష్మీపురం, విశ్రాంత పన్ను సలహాదారు

అమ్మకం మీద పడే పన్ను గురించి కొన్ని విషయాలు. అమ్మిన ధరలోంచి కొనుగోలు ధర తీసివేయగా మిగిలే లాభం మీద పన్ను కట్టాలి. ఇల్లు 2001కి ముందుది కనుక, 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను, అప్పటి రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా, మీ కొనుగోలు ధరగా చూపుకోవచ్చు. 2024 జులై 23కి ముందు సంపాదించిన ఇల్లు కాబట్టి ద్రవ్యోల్బణ సర్దుబాటు (పెరిగిన ధరలకు తగ్గట్టు కొనుగోలు ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే ఆ పన్నే కట్టవచ్చు. లాభాన్ని మరో ఇంటి మీద పెడితే ఆ మేరకు పన్ను ఉండదు. అయితే ఆ ఇంటిని అమ్మకానికి ఏడాది ముందు గాని, అమ్మిన రెండేళ్లలోపు గాని కొనాలి, కట్టుకునేటట్లయితే మూడేళ్లలో పూర్తి చేయాలి. ఆదాయపు పన్ను రిటర్ను గడువులోగా ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. కొన్న ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే ఆ మినహాయింపు పోతుంది.

దీన్నిబట్టి చూస్తే, అమ్మిన రోజు నుంచే మీకు గడువు మొదలవుతుంది. అందుచేత ముందుగా పటమటలో అద్దెకు దిగి ఒక ఏడాది ఉండి చూడండి. అది నప్పిందని తేలాక అమ్మితే తొందరపడి ఏదో ఒకటి కొనవలసిన అగత్యం ఉండదు.

అమ్మాయి గారి ఆలోచనలో దురుద్దేశం ఏమీ లేదు, కాని కాగితం విషయంలో మొహమాటపడకండి. మీ సొమ్ముతో కొన్న ఫ్లాటు వేరొకరి పేరున ఉంటే మినహాయింపు దగ్గరే చిక్కు వస్తుంది. ఇకముందెప్పుడైనా పిల్లలకు గిఫ్టు సెటిల్‌మెంటు, అంటే సొమ్ము తీసుకోకుండా ఆస్తిని రాసిచ్చే దస్తావేజు, రాయదలిస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 23వ సెక్షన్ కింద, ఆ షరతు తప్పినప్పుడు దస్తావేజును రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. షరతు నోటిమాటగా ఉండిపోయిన కుటుంబాలు ఎంత క్షోభ పడ్డాయో నేను దగ్గరగా చూశాను.

సమాధానం – కానూరులో ఉంటున్న ఒక కూతురు

నమస్కారం బాబాయి గారూ. మా అమ్మానాన్నలు మా భవనంలోనే రెండు అంతస్తుల కింద ఉంటారు. ఫ్లాటు చూసేటప్పుడు రెండు సంగతులు తప్పక అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు ఆ వీధిలోకి నీళ్లు వచ్చాయా, వస్తే ఎంతవరకు? కరెంటు పోతే లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందా? సింగ్‌నగర్‌లో ఉండే మా పెదనాన్నగారు ఆ వరదలో మూడో అంతస్తులో చిక్కుకుపోయారు. లిఫ్టు లేదు, మోకాళ్లు సహకరించవు. పైన ఉన్నవారు ప్రాణాలతో ఉంటారు గాని, కిందకు దిగలేనివారికి మంచినీళ్లు కూడా ఎవరో మోసుకొచ్చి ఇవ్వాలి. మొదటి అంతస్తు చూసుకోండి. స్నానాల గదిలో నున్నటి టైల్స్ తీయించి గరుకువి వేయించండి.

సమాధానం – అరండల్‌పేట వాసి

నా అభిప్రాయం కొంచెం వేరు. మా నాన్నగారు అక్కయ్య దగ్గరకని విజయవాడ వెళ్లి ఏడు నెలలకే తిరిగి వచ్చేశారు. అక్కయ్య, బావగారు ఉదయం తొమ్మిదికి వెళితే రాత్రి ఏడింటికి వచ్చేవారు. దగ్గరకు వెళ్లినా ఆయనకు పగలంతా ఒంటరితనమే. ఇక్కడైతే పొద్దున్నే నడకకు వచ్చే స్నేహితులు, ముప్పై ఏళ్లుగా ఆయన ఒంటి తీరు తెలిసిన డాక్టరు గారు ఉన్నారు. ఇల్లు అమ్మలేదు కాబట్టి తిరిగి రాగలిగారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. సత్యనారాయణపురం అమ్మగారి మాటల దగ్గర ఆపమని, రెండోసారి చదివించుకుంది. "వెళ్లనని నేను ఎప్పుడన్నాను? వెళితే మన వంటగది మనకుండాలి, అంతే" అంది. నాలుగు నెలలుగా నేను అడగని ప్రశ్నకు అది జవాబు.

ఇల్లు ఇప్పుడు అమ్మడం లేదు. కింది వాటాకు తాళం వేసి, పైవాటా కుర్రవాళ్లను ఉండమని చెప్పాం. పటమట రైతు బజారుకు నడిచి వెళ్లగలిగే దూరంలో, మొదటి అంతస్తులో, పదకొండు నెలల అగ్రిమెంటుకు ఒక ఇల్లు చూడమని అమ్మాయికి చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకుంది గాని, సాయంత్రానికి తనే రెండు ఇళ్ల ఫొటోలు పంపింది. ఒకదాని బాల్కనీలో తూర్పు ఎండ పడుతుందట. తులసిని కుండీలోకి మార్చడం ఏ కాలంలో మంచిదో తెలిసినవారు చెప్పగలరు.